తులము, పౌను, కిలోగ్రాము



బరువు వస్తువునందే యుండును. దానికి మనము చెప్పు సంఖ్య మాత్రము చేతిలోని తూనికరాతిని బట్టి మాఱుచుండును. ఒక తూనికను మఱియొక తూనికలోనికి మార్చునపుడు నిలుచున దేది, జాఱిపోవున దేది యను విషయమును నేడు తులము నుదాహరణముగా గైకొని విన్నవించెదను.

తూనికల భారము రాజుపై మోపినవారు మన పూర్వులు. తూనికలకు ముద్ర వేయించి, ఆఱు నెలల కొకమాఱు పరీక్షింపవలయునని మనుస్మృతి యష్టమాధ్యాయమున విధింపబడినది. అందే అయిదు గురివిందలు మాషమనియు, 16 మాషములు సువర్ణమనియు, 4 సువర్ణములు పలమనియు జెప్పబడినది. ఆ పలము పేరు మన యంగళ్లలో చిరకాలము నిలిచెను. అయిదు పలములు ఏబలము, పది పలములు పదలము, నలుబది పలములు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. ఏబలము, పదలము అను పేళ్లలోనే లెక్క యిమిడియున్నది. వేఱుగ వల్లెవేయ నక్కఱలేదు.

అయినను ఊరి కొక తూనికగా నుండుటచే వర్తకమునకు చిక్కు కలుగుచుండెను. 1833లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వమువారు తులమునకు 180 గ్రెయినులని నిర్ణయించిరి. 1835 నాటి రూపాయి బరువును అంతియే. కావున రూపాయి నాణెము ధనమే కాక తూనికరాయి కూడ నయ్యెను. అప్పటికిని చిక్కు తీఱలేదు. బంగాళా మణుగు 3200 తులములు. చెన్నపురి మణుగు 960 తులములు మాత్రమే. మాట యొకటి, బరువులు రెండు!

ఇంగ్లీషు పౌనునకు 7000 గ్రెయినులు. కాబట్టి 350 తులములు సరిగా 9 పౌనులగును. ఇందు శేషము లేదు. మెట్రికు పద్ధతి ఫ్రాన్సుదేశమున 1795లో శాసనమైనది. 1959లో ఇంగ్లీషు మాటాడు ఆఱు దేశములవారు పౌనునకు 453.59237 గ్రాములని యొడంబడిరి. ఆ లెక్కను తులము 11.6638 గ్రాములు, 120 తులముల వీశె 1399.66 గ్రాములు. అయిదు వీశెలు ఏడు కిలోగ్రాములని నోటిలెక్కగా జెప్పినచో రెండు గ్రాములైనను తేడా రాదు.

మన దేశమున 1956లో చట్టము చేసి, 1958 అక్టోబరు 1వ తేదీ మొదలు మెట్రికు తూనికలను క్రమముగా ప్రవేశపెట్టిరి. వీశె, మణుగు అంగడి విడిచి పోయినవి. తులము మాత్రము బంగారపు టంగడిలో నిలిచినది. కాని నిలిచినది పేరే. నేడు మన తెలుగునాట తులమనగా పది గ్రాములు. పాత తులములో ఏడవవంతు తఱిగిపోయినది.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. ఒక యింటి పాత దస్తావేజులో ఆడపడుచునకు ఇరువది తులముల బంగారము వ్రాసియున్నదనుకొందము. పాత తూనికను అది 233 గ్రాములకు పైమాట. నేటి తూనికను 200 గ్రాములు. నడుమనున్న 33 గ్రాములు ఎవ్వరును దొంగిలింపకయే మాయమగును! పంచుకొనువారిలో లెక్క తెలియనివారికే ఆ నష్టము.

2019 మే 20వ తేదీనుండి కిలోగ్రాము లోహపు దిమ్మను విడిచి, మార్పులేని ప్రకృతి స్థిరాంకముపై నాధారపడినది. రాయి యరుగునను భయము తీఱినది. మాట యరుగునను భయము తీర్ప శాస్త్రజ్ఞులకు శక్యము కాదు. అందుచే బడిలో నేను పిల్లలతో, “మొదట ఏ తులమో అడుగుము, పిమ్మట గుణింపుము” అని చెప్పుచుండెడివాడను. మీ యింట పాత కాగితములున్నచో, అవి యే కాలమున వ్రాయబడినవో చూచి, ప్రక్కనే గ్రాములలో బరువు వ్రాసి యుంచుడు. రాబోవు తరమువారి తగవు కొంత తీఱును.