కళాశాల ప్రవేశపరీక్షలో స్కోరు: దాని పుట్టుక, దాని అర్థము

పరీక్షాఫలితములు వెలువడిన దినమున తెలుగువారి యింట మొదట వినవచ్చు ప్రశ్న యొకటే: “నూటికెన్ని?” ప్రశ్నపత్రమునకు నూరు మార్కులనియు, వ్రాసినదానిని బట్టి మార్కులు పడుననియు, ముప్పదియైదు దాటినచో గట్టెక్కినట్లేయనియు తరతరములుగా నాటుకొన్న భావమే యీ ప్రశ్నకు మూలము. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు పదునొకండవ తరగతిలో వ్రాయు పి.ఎస్.ఏ.టి. అను తొలి ప్రవేశపరీక్ష ఫలితము వచ్చినపుడు మాత్రము ఈ ప్రశ్నకు సూటియైన సమాధానము దొరకదు. అందుండునది 1140 అనియో, 1340 అనియో యొక సంఖ్య. గరిష్ఠము 1520 అని తెలిసికొని, ఢిల్లీలోనున్న తాతగారు భాగహారము చేసి, నూటికింతయని తేల్చుకొని సంతోషించుటయో చింతించుటయో జరుగుచుండును. ఆ లెక్క పొరపాటు. ఆ పరీక్షలో అడుగుమెట్టు సున్న కాదు, 320. ఒక్క జవాబైనను సరిగా వ్రాయనివానికిని అంతకు తక్కువ రాదు. ఇట్టి కొలత యెట్లు పుట్టినదో తెలిసినగాని ఆ సంఖ్య యేమి చెప్పుచున్నదో, యేమి చెప్పుట లేదో బోధపడదు.

పందొమ్మిదవ శతాబ్దాంతము వరకు అమెరికాలో చాల కళాశాలలు తమ ప్రవేశపరీక్షలను తామే జరుపుకొనెడివి. ఒక కళాశాలకై సిద్ధపడిన విద్యార్థి చదువు మరియొకదానికి పనికిరాకపోవుట కలదు. ఈ చిక్కును తొలగించుటకై 1900లో కళాశాల ప్రవేశపరీక్షా మండలి యేర్పడెను. కాలేజ్ బోర్డు అను పేరున నేడు ప్రసిద్ధమైన సంస్థ యిదియే. 1901 జూన్ నెలలో జరిగిన దాని తొలి పరీక్షలకు 973 మంది కూర్చుండిరి. లాటిను, గ్రీకు, గణితము, చరిత్ర మొదలగు విషయములలో వ్యాసరూపమున జవాబులు వ్రాయవలసి యుండెను. ఫలితమును శ్రేష్ఠము, మంచిది, సందిగ్ధము, హీనము, అతిహీనము అను నైదు మాటలలో తెలిపెడివారు. అప్పటికి స్కోరు పుట్టలేదు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యము లక్షలకొలది సైనికులకు బుద్ధిపరీక్షలు జరిపెను. ఆ పనిలో పాల్గొన్న ప్రిన్స్‌టన్ ఆచార్యుడు కార్ల్ బ్రిగామ్ ఆ పద్ధతినే కళాశాల ప్రవేశమునకు మలచెను. 1926 జూన్ 23వ తేదీన తొలి ఎస్.ఏ.టి. పరీక్షను 8,040 మంది వ్రాసిరి. 97 నిమిషములలో 315 ప్రశ్నలు! ఇన్ని చిన్న ప్రశ్నల జవాబులను తూచుటకు ఐదు మాటలు చాలవు గదా. కావున ఆనాడు పరీక్ష వ్రాసినవారి సగటును 500గా నిర్ణయించి, ఆ సగటునకు ఎవరెంత పైన నున్నారో, ఎంత క్రింద నున్నారో చూపు నొక కొలబద్దను తయారుచేసిరి. మూడింట రెండువంతుల మంది 400కును 600కును నడుమ నుండునట్లు అది యమర్పబడెను. స్కోరు యొక్క స్వభావమిది. అది విద్యార్థికి వచ్చిన చదువును నేరుగా తూచదు. ఒక గుంపులో అతని స్థానమును చూపును.

ఈ కొలతకు హద్దు లేవియో గుర్తింపని కాలమును కలదు. బ్రిగామ్ 1923లో ప్రకటించిన గ్రంథమున సైన్యపరీక్షల లెక్కలను ఆధారముగా గొని జాతుల తెలివితేటల నడుమ హెచ్చుతగ్గులు కలవని వాదించెను. 1930లో ఆ నిర్ణయములకు ఆధారము లేదని తానే యొప్పుకొని వాటిని ఉపసంహరించుకొనెను. పరీక్షను నిర్మించినవాడే సంఖ్యను చూచి భ్రమపడినపుడు, ఇంటిలో పెద్దలు భ్రమపడుటలో వింత లేదు.

తొలి పదునైదేండ్లును ఏ సంవత్సరపు గుంపునకు ఆ సంవత్సరమే సగటు కట్టెడివారు. పూర్వము ఒక్కొక్క యూరి కుంచము ఒక్కొక్క తీరున నుండినట్లు, ఒక యేటి 500కును మరొక యేటి 500కును పోలిక లేకుండెను. 1941 ఏప్రిల్‌లో పరీక్ష వ్రాసిన సుమారు పదివేలమందిని ప్రమాణముగా గైకొని, తరువాతి పరీక్షల నన్నిటిని ఆ కొలతకే సరిపుచ్చసాగిరి. ఆ పదివేలమందిలో పెక్కురు ఈశాన్య రాష్ట్రముల ప్రయివేటు పాఠశాలలలో చదివినవారు. కాలక్రమమున సామాన్య కుటుంబముల పిల్లలు లక్షలసంఖ్యలో పరీక్షకు రాసాగిరి. 1990 ప్రాంతమునకు భాషావిభాగపు సగటు సుమారు 425కును, గణితపు సగటు సుమారు 475కును చేరెను. అంతట 1995లో కొలతను మరల సవరించి సగటును 500 దాపునకు తెచ్చిరి. పాత కొలతలో భాషయందు 425 వచ్చు విద్యార్థికి క్రొత్త కొలతలో 500 వచ్చెను. పిల్లల తెలివి యొక్క రాత్రిలో పెరుగలేదు, కుంచము మారినది.

మరియొక విశేషము. 1958 వరకు ఎస్.ఏ.టి. స్కోరును విద్యార్థికి తెలుపు వాడుక లేకుండెను. అది కళాశాలకును పాఠశాలకును నడుమ నడచు రహస్యము. ఎవనిని గూర్చిన సంఖ్యయో వానికే అది తెలియదు. 1958లో స్కోరును విద్యార్థులకు తెలుపుట మొదలైనది. మరుసటి యేడు, అనగా 1959లో, పి.ఎస్.ఏ.టి. పుట్టెను. అసలు పరీక్షకు ముందు తన బలాబలములను తాను తెలిసికొనుటకై యేర్పడిన చిన్న పరీక్ష యిది. అసలు స్కోరులో కడపటి యంకెను తొలగించినట్లు, దీనికి 20 మొదలు 80 వరకు కొలత నేర్పరచిరి. 1971లో జాతీయ ప్రతిభా విద్యార్థివేతనముల యెంపిక దీనికి జతపడుటతో పరీక్షకు ప్రతిష్ఠయు పెరిగెను, ఆందోళనయు పెరిగెను. ఎంపికలో బాలికలకు అన్యాయము జరుగుచున్నదన్న ఫిర్యాదు వచ్చిన పిమ్మట 1997లో రచనావిభాగము చేర్పబడెను. 2015లో నేటి 320-1520 కొలత వచ్చెను. 2023లో పరీక్ష కంప్యూటరునకు మారెను. ఇప్పుడు ప్రతి విభాగము రెండు భాగములు. మొదటి భాగములో చూపిన నేర్పును బట్టి రెండవ భాగము కఠినముగనో, సులభముగనో వచ్చును. కనుక సరియైన జవాబులను లెక్కించి స్కోరు నూహించుటయు సాధ్యము కాదు.

ఫలితపత్రమున ముఖ్యముగా చూడదగినవి మూడు. మొదటిది మొత్తపు స్కోరు. భాషకు 160 నుండి 760, గణితమునకు అట్లే. ఎస్.ఏ.టి.లో గరిష్ఠము 800. రెండింటికిని కొలత యొకటే యగుటచేత, ఇందు 600 తెచ్చుకొన్నవాడు ఆనాడే ఆ పరీక్ష వ్రాసినను 600 ప్రాంతమున నుండునని భావము. రెండవది పర్సెంటైలు. ఇది నూటికి వచ్చిన మార్కు కాదు. 90 పర్సెంటైలనగా నూటికి తొంబదిమంది ఆ స్కోరుతో సమానముగనో, దానికి దిగువనో నున్నారని యర్థము. 2019 నుండి జె.ఇ.ఇ. మెయిన్ ఫలితములు పర్సెంటైలులో వెలువడుచున్నందున తెలుగునాట పలువురకీ మాట పరిచితమే. నూరు పర్సెంటైలు వచ్చినవాడు అన్ని మార్కులును తెచ్చుకొని యుండనక్కరలేదు. మూడవది విద్యార్థివేతనపు సూచిక. భాషా స్కోరును రెట్టించి, గణితపు స్కోరును కలిపి, పదింట భాగింపవలెను. భాషలో 640, గణితములో 700 వచ్చినచో సూచిక 198. ఈ సూచికకు హద్దు రాష్ట్రమునకొక తీరు. ఒకే సంఖ్య ఒక రాష్ట్రమున చాలును, వేరొకచోట చాలదు.

ఇంతకును, కళాశాలలో సీటు నిచ్చుటకు పి.ఎస్.ఏ.టి. స్కోరును లెక్కింపరు, కాలేజ్ బోర్డు దానిని కళాశాలలకు పంపదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు ఇది సులభముగా బోధపడవలెను. 1979లో సివిల్ సర్వీసు పరీక్షలకు ప్రిలిమినరీ యేర్పడినది మొదలు, అందలి మార్కులు తుది ర్యాంకులో చేరుట లేదు. అక్కడ ప్రిలిమినరీ వడపోతకు ద్వారము; ఇక్కడ, వేతనముల సంగతి యటుంచినచో, సాధనకు అద్దము.

సంఖ్య యొకటే యైనను, దానిని చదువు తీరు రెండు విధములు. తీర్పుగా చదివినచో పదునారేండ్ల పిల్లవాడు కుంగిపోవును. లేదా గర్వించి పుస్తకము మూయును. సమాచారముగా చదివినచో ఏ భాగమున తడబడెనో, అసలు పరీక్షకు ఇంకెన్ని నెలలున్నవో ఆలోచించును. ముప్పదిరెండేండ్లు విద్యార్థికి తెలియనీయని సంఖ్య 1958లో అతని చేతికి వచ్చెను. తన్ను తాను దిద్దుకొనుటకే ఆ మరుసటి యేడు ఈ చిన్న పరీక్ష వచ్చెను. దూరదేశమునుండి ఫోనులో మనుమడు స్కోరు చెప్పినపుడు “నూటికెన్ని?” యని యడుగుటకు మారుగా “ఎక్కడ కష్టమనిపించినది, నాయనా?” యని తాతగారడిగినచో, ఆ పరీక్ష యేర్పడిన ప్రయోజనము ఆ యింట నెరవేరినట్లే.