బొమ్మ టీకూజాలు, వాటి వారసులు

కామర్సు చదివి బ్యాంకులో తల నెరిసినవాణ్ణి. ఏ పాతవస్తువు గురించి చదివినా దాని విలువెంత, వారసులెవరు అన్నవే నాకు ముందు తోచే ప్రశ్నలు. విక్టోరియా రాణి కాలపు టీకూజాల విషయంలోనూ అంతే.

ఇంగ్లండులో స్టోక్ పట్టణపు మింటన్ కార్ఖానా 1849లో మట్టిపాత్రల మీద 'మజోలికా' అనే రంగుల మెరుగు తెచ్చింది. 1851 లండన్ మహాప్రదర్శనతో దానికి పేరు వచ్చింది. కోతి, తాబేలు, చేప రూపాల్లో టీకూజాలు పుట్టాయి. 1882లో రాయల్ వూస్టర్ వారు మనిషినే కూజా చేశారు. ఒకవైపు యువకుడు, మరోవైపు యువతి. నడుము మీది చెయ్యి పిడి, చాచిన చెయ్యి కొమ్ము. ఆస్కార్ వైల్డ్ వంటి సౌందర్యారాధకుల మీద అది వేళాకోళం.

ఐరోపా పింగాణీని తెలుగునాట విరివిగా సేకరించినవారు హైదరాబాదు మూడవ సాలార్ జంగ్. 1949లో ఆయన సంతానం లేకుండా పోయారు. పంపకాలు జరిగితే సొత్తంతా చెల్లాచెదురయ్యేదే. 1951లో మ్యూజియం తెరిచారు. 1958లో బంధువులు రాజీపడి సేకరణను ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టమే చేసింది.

మన రాజపాళయంలో కుమారస్వామి రాజాగారు తమ ఇంటినే గాంధీ కలై మన్రానికి ఇచ్చారు. అంత ఇవ్వడం అందరికీ సాధ్యం కాదు. అయితే మన అటకల మీది కొలువు బొమ్మలు, తెలుగు ఉత్తరాలు, జమాఖర్చు పుస్తకాలు ఎవరివో, ఎప్పటివో ఒక పట్టీ రాసిపెట్టవచ్చు. అదీ తెలుగులోనే రాయండి. చదవగల పెద్దలు ఇంట్లో ఉండగానే రాయండి.