కృత్రిమ తుంటి చుట్టూ విరిగే తొడ ఎముక: గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఒక చికిత్స చరిత్ర

తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారిలో, ఎముక బోలులోకి దిగవేసిన లోహపు కాడ చుట్టూ తొడ ఎముక విరగడాన్ని వైద్యులు పెరిప్రోస్థెటిక్ ఫ్రాక్చర్ అంటారు. గుంటూరు, ప్రకాశం మైదానాల పత్తి, మిరప చేలలో జీవితం గడిపిన పాత తరాలకు ఈ సమస్య తెలియదు. తుంటి దగ్గర ఎముక విరిగిన వృద్ధులు అప్పట్లో మంచాన పడి, పక్కపుండ్లతోనో ఊపిరితిత్తుల్లో చేరిన నిమ్ముతోనో చాలావరకు నెలల్లోనే కన్నుమూసేవారు. మొదటి దెబ్బను తట్టుకుని, కృత్రిమ కీలుతో నడిచి, ఆపై ఏళ్ల తరబడి బతికినవారికే ఎక్కువగా వచ్చే ఫ్రాక్చర్ కనుక, దీని పుట్టుక ముందుతరం చికిత్సల విజయంలోనే ఉంది.

ఈ ప్రాంతంలో ఎముక విరిగితే చాలాకాలం జనం మొదట వెళ్లింది నాటుకట్టు కట్టేవారి దగ్గరికే. జరిగిన ఎముకను చేత్తో సరిచేసి, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించిన గుడ్డను చుట్టి, వెదురుబద్దలు పెట్టి బిగించే ఈ విద్యకు 19వ శతాబ్ది చివరినుంచి చిత్తూరు సీమలోని పుత్తూరు పేరు మారుపేరైంది. ముంజేతి ఎముకకు ఈ కట్టు కొంత అక్కరకు వచ్చినా, తొడ ఎముక విషయంలో బలమైన కండరాలు విరిగిన కొసలను ఒకదానిపైకి ఒకటి లాగేయడంతో కాలు పొట్టిదై వంకరగా అతుక్కునేది. తుంటి బంతి కింది మెడభాగం విరిగితే, బంతికి రక్తం తెచ్చే సన్నని నాళాలు తెగి, తరచు అసలు అతుక్కునేదే కాదు.

నాటుకట్టుకు బదులైన ఆస్పత్రి చికిత్స ఈ ప్రాంతానికి మెల్లగా వచ్చింది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆస్పత్రి ప్రధానంగా స్త్రీలకు, పిల్లలకు ఉద్దేశించింది. 1946లో గుంటూరు వైద్య కళాశాల వచ్చాక జిల్లాలోనే శస్త్రవైద్య బోధనకు చోటు దొరికింది. తొడ ఎముక విరిగినవారికి కాలిని చట్రంలో ఉంచి, మంచం చివర బరువు వేలాడదీసి, వారాల తరబడి కదలకుండా పడుకోబెట్టే పద్ధతి ఆ కాలపు ఆస్పత్రుల్లో సాధారణం. 1939లో జర్మనీలో గెర్హార్డ్ కుంట్షర్ ఎముక బోలులో రాడ్డు దించే పద్ధతిని ప్రవేశపెట్టగా, 1950లలో ఆస్టిన్ మూర్ తయారుచేసిన లోహపు బంతి, 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ రూపొందించిన పూర్తి కృత్రిమ తుంటి వృద్ధులను మంచం మీదినుంచి లేపాయి. అవి క్రమంగా ఇక్కడికీ చేరాక, ‘రాడ్డు వేశారు’, ‘బంతి మార్చారు’ అన్న మాటలు పల్లెల వాడుకలో కలిశాయి.

కృత్రిమ కీలు చుట్టూ విరిగిన ఎముకకు ఏ చికిత్స చేయాలన్నది కాడ గట్టిగా ఉందా, వదులైందా అన్నదానిపై ఆధారపడుతుందని 1995లో కెనడా వైద్యులు డంకన్, మస్రీ ప్రకటించిన వాంకోవర్ వర్గీకరణ స్పష్టం చేసింది. కాడ గట్టిగా ఉంటే ప్లేటు వేస్తారు; అయితే బోలును కాడ ఆక్రమించి ఉండటంతో మరలు ఎముక అవతలి గోడదాకా దూరడం కష్టం కనుక, పైభాగంలో లోహపు తీగలను ఎముక చుట్టూ తిప్పి ప్లేటును బిగిస్తారు. ఆ తీగను ఎముకను ఆనుకునే తేవాలి. పక్కకు జరిగితే ప్రధాన రక్తనాళం దాని ఉచ్చులో పడవచ్చు. కాడ వదులైతే దాన్ని తీసేసి, విరిగిన చోటు దాటి ఎముక అడ్డకొలతకు రెండింతలైనా కిందికి దిగే పొడవాటి కాడ అమరుస్తారు. ఎముక కూడా అరిగిపోతే శస్త్రచికిత్స మరింత కఠినమవుతుంది.

ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో ఎముక స్వభావమే వేరొక చిక్కు. మొదట నెల్లూరు జిల్లాలో ఉండి, 1970లో కొత్తగా ఏర్పడిన ఈ జిల్లాలో చేరిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల నీటిలోని ఫ్లోరైడు ఎముకలను దెబ్బతీసి కీళ్లను బిగుసుకుపోయేలా చేస్తున్నదని 1937లో వైద్య పరిశోధకుడు షార్ట్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ వ్యాధిపై తొలి నివేదికల్లో ఒకటి. మనుషులకన్నా ముందు కాడెద్దుల కీళ్లు పట్టేయడాన్ని రైతులు గమనించారని చెబుతారు. ఫ్లోరైడు చేరిన ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉంటుంది: బోలు ఎముకల వ్యాధికి మందుగా ఫ్లోరైడు ఇచ్చి చూసిన అమెరికా పరిశోధనలో వెన్నెముక సాంద్రత పెరిగినా ఇతర ఎముకల ఫ్రాక్చర్లు హెచ్చాయని 1990లో వెల్లడైంది. ఇటువంటి ఎముకకు రంధ్రం చేయడమూ, ఇరుకైన బోలులో కాడ దించడమూ కష్టమే.

నాటుకట్టుకు రోగి వెంట ఏ కాగితమూ అవసరమయ్యేది కాదు. ఇప్పుడు కాడ వదులైందో లేదో తేల్చడానికి పాత ఎక్స్‌రేను కొత్తదానితో పోల్చాలి. కాడను తీయడానికి ఏ సాధనాలు కావాలో మొదటి ఆపరేషన్ చీటీలోని కీలు రకం, కొలతలు చెబుతాయి. ఆస్పత్రులు, వైద్యులు మారుతూ పోయే ఈ కాలంలో, ఆ ఎక్స్‌రేనూ, చీటీనీ భద్రపరచడం రోగి ఇంటివారికి చికిత్సలో భాగమైంది.