చోళవరపు పందెపు బాట

చెన్నపట్టణమునుండి నెల్లూరునకు వచ్చు రాజమార్గమున చోళవరమను గ్రామము గలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అచ్చట విమానములకై పొడవైన బాట వేసిరి. యుద్ధము ముగిసెను, బాట మిగిలెను. 1953లో స్థాపితమైన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు దానిపై కార్లకును మోటారుసైకిళ్లకును పందెములు నడపిరి. విమానపు బాటకు మలుపులు అక్కఱలేదు. పందెమునకు మలుపులే ప్రాణము. వానిని వారే కల్పించుకొనిరి. 1990లో శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బునకు సొంత బాట ఏర్పడగా, చోళవరము మూగవోయెను.

మా పెదతండ్రిగారు నెల్లూరినుండి పోయి ఆ పందెములు చూచినవారు. గెలిచినదెవరని యడిగితిమి. "జ్ఞాపకము లేదు నాయనా! ముందునాటి రాత్రి నేలపై పరుండి ఫియటుకారును విప్పి బిగించిన మేస్త్రీ చేతులు మాత్రము కన్నులకు కట్టినట్లున్నవి" అనిరి. విదేశపు కార్ల దిగుమతి దుర్లభమైన ఆ దినములలో, గృహస్థులు కచేరికి పోవు కార్లనే పందెపు కార్లుగా మార్చినవి అట్టి చేతులే. గెలిచినవారికి వెండి గిన్నెలు దక్కెను. మేస్త్రీకి పేరైనను మిగులలేదు.

రాజుల కోటలు కూలినను శాసనములు నిలుచును. ఇట్టి శ్రమకు పెద్దల మాటయే శాసనము. మీ యింట అట్టి వృద్ధులున్నచో నేడే యడిగి వ్రాసికొనుడు. ఆ మేస్త్రీ పేరడుగవలెనని మాకు తోచునప్పటికి మా పెదతండ్రిగారు లేరు.