సూర్యాపేట బస్టాండ్‌లో ఆ రాత్రి.. ఆ పిల్లల కాలేజీ ఫీజు ఎవరు కట్టాలి?

హైదరాబాద్ నుంచి కోదాడ పోయే బస్సులో సూర్యాపేట హైటెక్ బస్టాండ్ దగ్గర దిగి టీ తాగినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి అక్కడే పోలీసులు బస్సులు తనిఖీ చేస్తున్నారు. ఖండ్వా జైలు నుంచి 2013లో తప్పించుకున్న ఇద్దరు సిమి వాళ్లు కాల్పులు జరిపారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ చనిపోయారు. ఏప్రిల్ 4న జానకీపురం దగ్గర ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ హతమయ్యారు గానీ కానిస్టేబుల్ నాగరాజును కోల్పోయాం. ఎస్సై సిద్దయ్య ఏప్రిల్ 7న ఆస్పత్రిలో కన్నుమూశారు.

ఇదంతా మీకు తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. పోలీసు చనిపోయిన రోజు నాయకులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. కానీ ఆ ఏడాది పుట్టిన బిడ్డ ఇంటర్ దాటేది 2033లో. అప్పటికి కెమెరాలు ఉండవు కదా, ఫీజు మాత్రం ఉంటుంది.

ఇక్కడ కొంచెం చరిత్ర చూద్దాం. 1971 యుద్ధం ముగిసిన రెండు రోజులకే, డిసెంబర్ 18న, అమర సైనికుల పిల్లల చదువు ఖర్చు భరిస్తామని లోక్‌సభలో ప్రకటించారు. 1972లో అది అమలైంది. 2017లో దానికి నెలకు 10,000 రూపాయల పరిమితి పెట్టారు. పెద్ద గొడవైంది, 2018 మార్చిలో తీసేశారు. మంచిదే.

మరి పోలీసు పిల్లలకు? 2006లో ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వచ్చింది. మాజీ సైనికుల పిల్లలకు, సీఆర్పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల పిల్లలకు ఇచ్చారు. దానికి డబ్బు 1962లో పెట్టిన జాతీయ రక్షణ నిధి నుంచి వస్తుంది. రాష్ట్ర పోలీసు పేరు అందులో లేదు. అంటే సూర్యాపేటలో కాల్పులు జరిగిన రోజుకి, ఆ బస్టాండ్‌లో పడిపోయిన కానిస్టేబుల్ పిల్లలు ఆ లిస్టులో లేరన్నమాట.

2019 మే 31న కేంద్ర కేబినెట్ దాన్ని మార్చింది. ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో చనిపోయిన రాష్ట్ర పోలీసుల పిల్లల్ని చేర్చింది. అబ్బాయికి నెలకు 2,500, అమ్మాయికి 3,000. దేశం మొత్తానికి ఏడాదికి కొత్తగా 500 మందికే. అదీ ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకే. మామూలు బీఏ, బీకాం చదివితే రాదు. అమెరికాలోనూ వరస ఇంతే, 1996లో ఫెడరల్ అధికారుల పిల్లలకు చదువు సాయం, ఊళ్లలో తిరిగే పోలీసు పిల్లలకు 1998లో.

మన రాష్ట్రంలో ఎంబీబీఎస్‌లో పోలీసు అమరుల పిల్లలకు 0.25 శాతం కోటా ఉంది. 400 సీట్లకు ఒకటి. సీటు వేరు, ఫీజు వేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి పోదామంటే బీసీలకు ఆదాయ పరిమితి ఊళ్లో 1.5 లక్షలు, టౌన్‌లో 2 లక్షలు. డ్యూటీలో చనిపోయిన కానిస్టేబుల్ భార్యకు వచ్చే పెన్షనే దాన్ని దాటించేయొచ్చు. నాకైతే ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది.

2015లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్గొండ జిల్లాలోవే. 2016లో సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాకు పోయాయి. మూడు టౌన్లలో ఎవరింట్లోనైనా ఇలాంటి పిల్లలుంటే, ఇంటర్‌లో 60 శాతం తగ్గకుండా చూసుకోమనండి. అప్లికేషన్ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే.

ఇంకొక్క మాట, హోంగార్డు గురించి. మహేశ్ నిలబడింది లింగయ్య పక్కనే. కానీ హోంగార్డు రెగ్యులర్ ప్రభుత్వ ఉద్యోగి కాదు, ఆయనకు ఇచ్చేది డ్యూటీ చేసిన రోజుకి భత్యం. అదే రాత్రి, అదే బస్టాండ్, అయినా ఫైలు వేరే.