హోవెల్ గదిలో ఇద్దరు

ఇంకో దుంగ వెయ్యరా చిన్నా, మంట తగ్గుతోంది. ఇలా దగ్గరికి జరుగు. పొద్దున మ్యాచ్ చూస్తూ అడిగావు కదా, ప్లే కాలింగ్, అంటే ఏ ఎత్తు వెయ్యాలో చెప్పే పని, అసిస్టెంట్‌కి అప్పగించేస్తే ఇక హెడ్ కోచ్ ఎందుకు తాతా అని. దానికి జవాబు మన న్యూయార్క్ జెయింట్స్ ఫుట్‌బాల్ జట్టు కథలోనే ఉంది.

నేను ఈ న్యూజెర్సీకి వచ్చింది 1969లో. ఆఫీసులో నా పక్క బల్ల పెద్దాయనకు జెయింట్స్ అంటే ప్రాణం. మధ్యాహ్నం డబ్బాలు విప్పితే చాలు, జిమ్ లీ హోవెల్ కథ ఎత్తుకునేవాడు.

1953లో జెయింట్స్ మూడు గెలిచి తొమ్మిది ఓడింది. ఏళ్ల తరబడి నడిపించిన స్టీవ్ ఓవెన్‌ని తప్పించి జట్టును హోవెల్‌కి ఇచ్చారు. ఆర్కాన్సా మనిషి, యుద్ధంలో మెరైన్. ఆయన బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆటంతా విన్స్ లొంబార్డీకి వదిలేశాడు. అవతలివాళ్లను ఆపే పని టామ్ లాండ్రీది. లొంబార్డీ ఇక్కడే, మన ఎంగిల్‌వుడ్‌లో సెయింట్ సిసీలియా బడిలో పాఠాలు చెప్పినవాడు. అతన్ని తేవడంలో యజమాని వెల్లింగ్టన్ మారా చెయ్యి కూడా ఉంది, ఇద్దరూ ఫోర్డమ్‌లో కలిసి చదివారు. లాండ్రీ యుద్ధంలో బాంబర్ విమానం నడిపి, ఆ తర్వాత ఇంజినీరింగు చదివినవాడు. 1954లో ఒకపక్క మైదానంలో ఆడుతూనే కోచింగూ చేశాడు. లొంబార్డీది ఉద్రేకం, లాండ్రీది మౌనం. బంతుల్లో గాలి కొట్టడం, క్రమశిక్షణ చూడడం, ఇవే నా పనులు అనేవాడట హోవెల్.

1956 డిసెంబరు 30న యాంకీ స్టేడియం గడ్డకట్టిపోయింది. జెయింట్స్ రబ్బరు బూట్లేసుకుని దిగి, ఫైనల్లో షికాగో బేర్స్‌ని 47–7తో చిత్తు చేశారు.

అలాగని ఆయన ఉత్సవ విగ్రహం కాదు. 1958లో మంచు కురుస్తుండగా, బ్రౌన్స్ జట్టుతో 10–10 దగ్గర పాట్ సమ్మరాల్‌ని చాలా దూరం నుంచి తన్నమని పంపింది హోవెలే. ఆ బంతితోనే 13–10. మళ్లీ రెండు వారాలకే కోల్ట్స్‌తో ఫైనల్లో, అంగుళాలు తక్కువైన నాలుగో డౌన్‌లో, ఆ ఆఖరి ప్రయత్నం వదులుకుని పంట్ చెయ్యమన్నదీ, అంటే బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకి ఇచ్చెయ్యమన్నదీ ఆయనే. కోల్ట్స్ స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 23–17తో గెలిచారు. ఆ విమర్శంతా ఆయన మీదే పడింది. పని పంచి ఇవ్వవచ్చు చిన్నా, బాధ్యతను పంచి ఇవ్వలేం.

నాకు అది ఆలస్యంగా తెలిసింది. ఆఫీసులో పదిమంది కుర్రాళ్లను నా కింద పెట్టినప్పుడు, ప్రతి డ్రాయింగులోనూ నా గీతే ఉండాలనుకున్నాను. ఇద్దరు మంచివాళ్లు ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. ఆ ఇద్దరి ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

హోవెల్ ఏడు సీజన్లలో 53 గెలిచాడు, 27 ఓడాడు. ఒక్క ఏడాది కూడా గెలుపుల కంటే ఓటములు ఎక్కువ కాలేదు. 1959లో లొంబార్డీ గ్రీన్ బేకి వెళ్లిపోయాడు, మరుసటి ఏడు లాండ్రీ డల్లాస్‌కి. 1967 డిసెంబరు 31న, ఎముకలు కొరికే చలిలో, గ్రీన్ బే 21, డల్లాస్ 17. ఆ రోజు అటూ ఇటూ నిలబడిన హెడ్ కోచ్‌లిద్దరూ ఒకప్పుడు హోవెల్ దగ్గర పనిచేసిన అసిస్టెంట్లే.