ఎయిడ్స్ మందు – హైదరాబాదు ప్రయోగశాల

ఒక వ్యాధి చరిత్ర చెప్పేటప్పుడు దానిని గుర్తించిన వైద్యులను తలచుకొనడం పరిపాటి. ఆ వ్యాధికి మందును సామాన్యునికి అందే వెలకు తయారుచేసే మార్గం చూపిన రసాయన శాస్త్రజ్ఞులను తలచుకొనేవారు తక్కువ. హెచ్.ఐ.వి. చికిత్స చరిత్రలో అటువంటి తెలుగువారొకరున్నారు. ఆయన డాక్టర్ ఆళ్ల వెంకట రామారావుగారు. ఈ కథతో మెదకు సీమకు గల సంబంధాన్ని కూడా తుదకు మనవి చేస్తాము.

1981 జూన్‌లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో అయిదుగురు యువకులకు అరుదైన ఊపిరితిత్తుల జబ్బు వచ్చినట్లు ఒక వైద్య నివేదిక వెలువడింది. ఎయిడ్స్ వ్యాధిని గూర్చి లోకానికి అందిన మొదటి వార్త అదే. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థవారు అందుకు కారణమైన వైరస్‌ను వేరుచేసినారు. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని నిర్మల జరిపిన రక్తపరీక్షలలో ఆ వైరస్ మన దేశంలోనూ ఉన్నట్లు తేలింది.

దీనికి మొదటి మందు జిడోవుడిన్. దానికే ఏ.జెడ్.టి. అని మరొక పేరు. 1964లో జెరోమ్ హోర్విట్జ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కాన్సరు కోసం దీనిని తయారుచేసినాడు. ఎలుకలలో అది గుణమియ్యలేదు, మూలపడింది. ఇరవై ఏండ్ల తరువాత ఈ వైరస్‌పై అది పనిచేయునని తెలిసింది. పనిచేసే తీరు వినదగినది. వైరస్ మన కణంలో ప్రవేశించి తన వంశలిపిని పూసలదండవలె కొత్తగా గుచ్చుకొంటుంది. ఏ.జెడ్.టి. చూపునకు ఆ పూసలలో ఒకటివలెనే ఉంటుంది. కాని దానికి రెండవవైపు రంధ్రం లేదు. అది చేరిన చోట దండ ఆగిపోతుంది.

1987 మార్చిలో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. ఏడాది చికిత్సకు అయ్యే వెల 8,000 నుంచి 10,000 డాలర్లు. మన దేశంలో ఆ వెల ఎవరు ఇచ్చుకోగలరు?

ఇక్కడ మన చట్టం అక్కరకు వచ్చింది. 1970 నాటి పేటెంటు చట్టం ప్రకారం ఆనాడు మందుకు పేటెంటు ఉండేది కాదు. తయారుచేసే పద్ధతికే ఉండేది. వేరొక పద్ధతిని కనిపెట్టినవారు అదే మందును చేసుకొనగలిగేవారు. కావలసినది ఆ పద్ధతిని కనిపెట్టగల ప్రజ్ఞ. 1935లో గుంటూరులో జన్మించి, పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పేరుగాంచిన రామారావుగారు 1985లో హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాలయానికి అధిపతిగా వచ్చినారు. తరువాత భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరు మారిన ఆ పరిశోధనాలయంలోనే ఏ.జెడ్.టి. తయారీకి దేశీయ పద్ధతి సిద్ధమైంది. బొంబాయిలోని సిప్లా కంపెనీ దానిని చేపట్టి 1993లో మందును మార్కెట్లోకి తెచ్చింది.

విజయం అంతటితో పూర్తి కాలేదు. వెల తగ్గినా అది పేదలకు భారమే. పైగా ఒక్క మందుకు వైరస్ త్వరలోనే అలవాటుపడి లొంగకపోవడం మొదలుపెట్టింది. 1996లో మూడు మందులను కలిపి వాడే విధానం రోగుల ఆయుర్దాయాన్ని మార్చివేసింది. కాని ఏడాదికి పదివేల డాలర్లు దాటిన ఖర్చు. 2001లో సిప్లావారు ఆ చికిత్సను ధర్మసంస్థకు ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామన్నప్పుడు ప్రపంచం ఆశ్చర్యపడింది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. వ్యాధి అధికంగా ఉన్న ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇక మెదకు మాట. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు 2016 అక్టోబరు వరకు మెదకు జిల్లాలోనివే. నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నవి. లోకానికి చౌకగా మందులందించిన హైదరాబాదు ఔషధ పరిశ్రమలో ఆ వాడలది పెద్ద పాలు. అయితే అక్కడి మురుగు వాగులలోకి చేరి, పొలాలను, బావులను చెరిచింది. గ్రామస్థులు ఏండ్ల తరబడి న్యాయస్థానాల చుట్టూ తిరిగినారు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధికేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించగా, సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. శుద్ధి చేసిన తరువాత మిగిలిన లెక్క ఇది. ఆ వాడల మురుగును మోసిన నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మెదకు పట్టణానికి చేరువలో ఏడుపాయల వద్ద భక్తులు స్నానమాడేది ఆ మంజీరలోనే.

రామారావుగారి ప్రయోగశాల సాధించిన దానిని ఈ సంగతి తగ్గించదు. ఒక మందు చౌక అయినదనేటప్పుడు దాని వెలలో ఎంత భాగం వాగు ఒడ్డున ఉన్న రైతు చెల్లించినాడో కూడా లెక్కలో చేర్చవలెనని మాత్రమే మా మనవి. మాత్రను చౌకగా తయారుచేయడం నేర్చిన చేతులకు మురుగును శుద్ధిచేయడం అసాధ్యమైన విద్య కాదు.